సమ్మర్‌లో సౌత్ ఫ్రాన్స్ పల్లెల్లో ఇద్దరే కార్లో: వీసా నుంచి కారు తాళాలు తిరిగిచ్చేదాకా

ఫ్రాన్స్ అనగానే మనవాళ్లకి పారిస్, ఈఫిల్ టవర్, ఇంకో రెండ్రోజులుంటే డిస్నీల్యాండ్, అక్కణ్నుంచి స్విట్జర్లాండ్. ఆ ప్యాకేజీ కావాలంటే ఏజెంట్లు బోలెడుమంది ఉన్నారు, ఈ గైడ్ దానికి కాదు. ఇది కింద దక్షిణాన, ప్రొవాన్స్ ప్రాంతంలో, కొండల మీద గూళ్లు కట్టినట్టుండే చిన్న చిన్న ఊళ్లలో మొగుడూ పెళ్లాం ఇద్దరే కారేస్కుని తిరగడం గురించి. పిల్లలు, అత్తగారు, మామగారు కూడా వస్తే ప్లాన్ వేరేగా ఉంటుంది, ఆ మాట ముందే చెప్తున్నా.

అసలు విషయం ఒకటే. ఈ ట్రిప్‌ని కిలోమీటర్ల లెక్కన ప్లాన్ చెయ్యకండి, వారాల లెక్కన చెయ్యండి. ఊళ్లన్నీ ఒకదానికొకటి పది, ఇరవై కిలోమీటర్ల దూరంలోనే ఉంటాయి కాబట్టి మ్యాప్‌లో చూస్తే రోజుకి ఆరు ఊళ్లు చుట్టెయ్యొచ్చు అనిపిస్తుంది. కానీ సంత ఏ ఊళ్లో ఏ రోజు, కొట్లు ఎన్నింటికి మూస్తారు, వంటగది ఎన్నింటికి కట్టేస్తారు, ఇవే అక్కడ మన రోజుని నడిపిస్తాయి. అది పట్టుకుంటే మిగతాదంతా తేలిక.

స్టెప్ 1: డేట్లు

లావెండర్ చూడాలనుందా లేదా, ముందు అది తేల్చుకోండి. వలాన్సోల్ పీఠభూమి మీద పూత జూన్ మధ్య నుంచి జూలై మధ్య దాకా, ఆ తర్వాత కోతలు మొదలైపోతాయి, మిషన్లు దిగాక రాత్రికి రాత్రి పొలం ఊదా నుంచి పచ్చ గుబుర్ల వరసలైపోతుంది. సో అని ఇంకో ఊరుంది, మోన్ వాంటూ కొండ దగ్గర, అది ఎత్తు మీద ఉంటుంది కాబట్టి అక్కడ కొంచెం లేటుగా, జూలై ఆఖరి దాకా కూడా పూలుంటాయి, ఆగస్టు 15న అక్కడ లావెండర్ పండగ కూడా చేస్తారు.

నన్నడిగితే జూన్ ఆఖరి వారం, జూలై మొదటి పది రోజులు బెస్ట్. ఫ్రాన్స్ స్కూళ్ల సెలవులు జూలై మొదట్లోనే మొదలవుతాయి, అప్పటికి దేశం మొత్తం ఇంకా రోడ్డెక్కి ఉండదు. జూలై ఆఖరు, ఆగస్టు మొదటి శనివారాలు మాత్రం దయచేసి వద్దు, వెళ్లేవాళ్లు వచ్చేవాళ్లు ఒకేరోజు ఎదురుపడి ఏ7 హైవే మొత్తం మన సంక్రాంతి ముందురోజు విజయవాడ హైవేలా అయిపోతుంది. బిజోన్ ఫ్యుతే అని ప్రభుత్వమే ట్రాఫిక్ జాతకం చెప్పే సైట్ ఒకటుంది, ఏ రోజు ఎరుపు, ఏ రోజు నలుపు అని రంగులు పెట్టి ముందే చెప్తుంది. నలుపు అంటే ఆ రోజు ఇంట్లో కూర్చోమని.

స్టెప్ 2: వీసా, లైసెన్స్ కాగితాలు

ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే షెంగెన్ (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే) షార్ట్ స్టే వీసా కావాలి. హైదరాబాద్‌లో వీఎఫ్‌ఎస్ ద్వారా అప్లై చెయ్యొచ్చు, ఫీజు 90 యూరోలు, సెంటర్ సర్వీస్ చార్జీ వేరే. ట్రిప్‌కి ఆరు నెలల ముందు నుంచి తీస్కుంటారు, సమ్మర్ స్లాట్లు అయిపోతాయి కాబట్టి ఫిబ్రవరి మార్చిలోనే పని మొదలెట్టండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోల కవర్ ఉండాలి. మిగతావి మామూలే: బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్న్స్, ఆఫీస్ నుంచి లీవ్ లెటర్, ఉండే చోట్ల బుకింగులు. అమెరికాలో, ఇంకో దేశంలో వీసా మీద ఉన్నవాళ్లు ఆ దేశం నుంచే అప్లై చేస్కోవాలి, గ్రీన్ కార్డ్ ఉన్నా సరే ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే షెంగెన్ తప్పదు.

ఇంకోటి, 2025 అక్టోబర్ నుంచి బోర్డర్ దగ్గర ఈఈఎస్ అనే కొత్త సిస్టం మొదలైంది, పాస్‌పోర్ట్ మీద ముద్ర వేసే బదులు ఫోటో తీసి, వేలిముద్రలు సరిచూస్తారు. మొదటిసారి కాస్త టైం పడుతుంది కాబట్టి దిగిన గంటకే ట్రైన్ బుక్ చేస్కోకండి.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఆర్టీఏ ఆఫీసులో ఇస్తారు, ఫీజు 1,000 రూపాయలు, ఏడాది చెల్లుతుంది. దాంతోపాటు మన ఒరిజినల్ లైసెన్స్ కార్డ్ కూడా చేతిలో ఉండాలి, ఒక్క పర్మిట్ చూపిస్తే సరిపోదు. ఇద్దరికీ డ్రైవింగ్ వచ్చుంటే ఇద్దరికీ చేయించండి. ఎందుకో తిండి దగ్గరికొచ్చాక తెలుస్తుంది.

స్టెప్ 3: మకాం రెండు చోట్లే

రోజుకో హోటల్ మార్చే ప్లాన్ కాగితం మీద భలే ఉంటుంది, నాలుగో రోజుకి సూట్‌కేసులు సర్దలేక ఇద్దరి మధ్యా మాటలుండవు. రెండే చోట్లు పెట్టుకోండి. మొదటిది లుబెరాన్ కొండల్లో (గోర్డ్, రూసియోన్, బోన్యూ, అప్ట్ ఈ చుట్టుపక్కల ఎక్కడైనా), రెండోది వెర్దోన్ లోయ దగ్గర మూస్టియే వైపు. మొదటి దాంట్లో ఐదారు రాత్రులు, రెండో దాంట్లో మూడు నాలుగు, అంతే.

ఉండటానికి రెండు రకాలు. షాంబ్ర దోత్ అంటే ఊరివాళ్లు తమ ఇంట్లోనే గదులిచ్చి పొద్దున టిఫిన్ పెట్టేది, కొన్నిచోట్ల ముందే చెప్తే రాత్రి భోజనం కూడా వాళ్లతోపాటే ఒకే బల్ల మీద. జీత్ అంటే వంటగదితో సహా ఇల్లంతా మనకే, కానీ సమ్మర్‌లో చాలామంది శనివారం నుంచి శనివారం దాకా వారం లెక్కనే ఇస్తారు. జంటకైతే మొదటిచోట జీత్, రెండోచోట షాంబ్ర దోత్ అని నా ఓటు. జీత్ ఎందుకంటే పెరుగన్నం చేస్కోవచ్చు, ఇంకే కారణం అక్కర్లేదు. మనిషికి రాత్రికి ఇంత అని టూరిస్ట్ పన్ను విడిగా తీస్కుంటారు, బిల్లులో అది చూసి కంగారు పడొద్దు.

బుక్ చేసేముందు మూడు ప్రశ్నలు అడగండి: పార్కింగ్ ఇంటి దగ్గరేనా, ఏసీ ఉందా, గది ఎన్నో అంతస్తు. పాత రాతి ఇళ్లలో ఏసీ లేకపోవడమే మామూలు, గోడలు మందంగా ఉంటాయి కాబట్టి కింద గదులు చల్లగా, పైకప్పు కింద గదులు నిప్పుల మీద పెనంలా ఉంటాయి. ఏసీ లేని ఇంట్లో ఓనర్ చెప్పేది వినండి: పొద్దున తొమ్మిదింటికల్లా చెక్క తలుపులు, కిటికీలు అన్నీ మూసెయ్యాలి, రాత్రి పొద్దుగూకాక తియ్యాలి. మనకి పట్టపగలు చీకట్లో కూర్చోడం వింతగా ఉంటుంది కానీ పనిచేస్తుంది.

స్టెప్ 4: కారు

పారిస్‌లో దిగితే అక్కడ కారు తీస్కోకండి. గార్ ద లియోన్ స్టేషన్‌లో టీజీవీ అనే హైస్పీడ్ ట్రైన్ ఎక్కితే రెండున్నర, మూడు గంటల్లో ఆవిన్యోన్ టీజీవీ స్టేషన్, అక్కడే కార్ రెంటల్ కౌంటర్లు. మార్సే ఎయిర్‌పోర్ట్‌లో నేరుగా దిగినా మంచిదే.

ఆటోమేటిక్ కావాలంటే బుకింగ్‌లోనే ఆటోమేటిక్ అని ఉందో లేదో రెండుసార్లు చూస్కోండి, లేకపోతే చేతికిచ్చేది గేర్ల బండే. అసలే స్టీరింగ్ ఎడమవైపు, గేర్ కుడిచేత్తో, రోడ్డు కుడివైపు, మన బుర్రకి ఆ మూడు చాలు, కొండ మీద క్లచ్ కూడా ఎందుకు. సైజు వీలైనంత చిన్నది తీస్కోండి. ఎస్‌యూవీ తీస్కుంటే ఫోటోలు బావుంటాయి కానీ ఈ ఊళ్ల సందుల్లో రెండు పక్కలా అద్దాలు ముడిచి, ఊపిరి బిగబట్టి పోవాల్సొస్తుంది.

క్రెడిట్ కార్డ్ డ్రైవర్ పేరు మీదే ఉండాలి, డిపాజిట్ బ్లాక్ చేస్తారు కాబట్టి లిమిట్ చూస్కోండి, డెబిట్ కార్డ్ చాలా చోట్ల ఒప్పుకోరు. రెండో డ్రైవర్ పేరు కాంట్రాక్ట్‌లో ఎక్కించకుండా నడిపితే ఇన్సూరెన్స్ గోవిందా. కౌంటర్ దగ్గర అమ్మే అదనపు ఇన్సూరెన్స్ గురించి మీ ఇష్టం, కానీ ఫ్రాంషీజ్ ఎంత అని మాత్రం అడగండి, అంటే గీత పడితే మన జేబులోంచి ఎంతవరకు పోతుందీ అని. కారు కదిలించే ముందు నాలుగు వైపులా, టైర్ల రిమ్ములు, అద్దం, పైకప్పుతో సహా వీడియో తియ్యండి. డిక్కీలో రిఫ్లెక్టర్ జాకెట్, ట్రయాంగిల్ ఉన్నాయో లేదో చూడండి, అవి ఉండటం అక్కడ చట్టం.

స్టెప్ 5: రోడ్డు మీద

ఊళ్ల మధ్య రోడ్లకి డి అక్షరంతో నంబర్లుంటాయి, డి943 అలా. స్పీడ్ లిమిట్లు: ఊళ్లో 50, చాలా చోట్ల 30, ఊరి బయట 80 (కొన్ని జిల్లాల్లో 90), మధ్యలో డివైడర్ ఉన్న పెద్ద రోడ్డు 110, హైవే 130, వానపడితే హైవే మీద 110. ఊరి పేరున్న ఎర్ర అంచు బోర్డు కనపడిందంటే 50 మొదలైనట్టే, విడిగా 50 అని బోర్డు పెట్టరు, అదే పేరు మీద ఎర్ర గీత కొట్టిన బోర్డు వచ్చిందంటే ఊరు దాటినట్టు. కెమెరాలు బోలెడు. ఫైన్ రెంటల్ కంపెనీకి వెళ్తుంది, వాళ్లు మన వివరాలిచ్చినందుకు వాళ్ల చార్జీ ఒకటి మన కార్డ్ మీద వేస్తారు, ఫైన్ దానికదే.

మనవాళ్లు తడబడేది రౌండబౌట్ దగ్గర. అక్కడ బళ్లు గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతాయి, లోపల తిరుగుతున్నవాడిదే ముందు, కాబట్టి చూడాల్సింది ఎడమకి. పక్కన కూర్చున్నవాళ్లు 'అదిగో అటు, అటు' అని వేలు చూపిస్తే లాభం లేదు, 'మూడో ఎగ్జిట్, అప్ట్ వైపు' అని నంబరూ ఊరి పేరూ కలిపి చెప్పాలి. మా ఆయన డ్రైవింగ్, నేను దారి చెప్పడం, ఈ ఒక్క పద్ధతి పెట్టుకున్నాక మా కార్లో గొడవలు సగానికి తగ్గాయి. ఎగ్జిట్ తప్పిపోతే ఇంకో చుట్టు తిరగండి, ఎవరూ ఏమనరు.

ఇంకో రూల్, ఊళ్లలో బోర్డు గీతా ఏమీ లేని చిన్న కూడళ్ల దగ్గర కుడివైపు నుంచి వచ్చేవాడికి దారివ్వాలి. వాడు సందులోంచి వస్తున్నాడు మనం మెయిన్ రోడ్డు అని అనుకోకండి, వాడు చూడకుండా వచ్చేస్తాడు, తప్పు మనదవుతుంది.

టోల్ గేట్ల దగ్గర ఆరెంజ్ రంగులో 'టీ' గుర్తు మాత్రమే ఉన్న లైన్‌లోకి వెళ్లకండి, అది అక్కడి ఫాస్టాగ్ లాంటిది, మన దగ్గర ఉండదు. ఆకుపచ్చ బాణం ఉన్న లైన్, లేదా కార్డ్ గుర్తున్న లైన్ పట్టుకోండి. ఎక్కేటప్పుడు టికెట్ తీస్కుని దిగేటప్పుడు కట్టడం. టికెట్ పక్కవాళ్ల చేతికిచ్చి, వాళ్లు పర్స్‌లో పెట్టి, ఆ తర్వాత గేట్ దగ్గర వెనక పది కార్లు ఆగుండగా వెతకడం మన జాతీయ క్రీడ, కాబట్టి అద్దం దగ్గర ఒకే చోట పెట్టుకోండి.

పెట్రోల్ బంకులో డీజిల్‌ని గజోల్ అంటారు, పేరు విని గ్యాసోలిన్ అనుకుని కొట్టించేస్తే ఇంజిన్ పోయినట్టే. పైపు మీద గుండ్రటి గుర్తులో ఈ10, ఈ5 అనుంటే పెట్రోల్, చదరం గుర్తులో బీ7 అనుంటే డీజిల్, మీ కారు ట్యాంక్ మూత లోపల కూడా అదే గుర్తుంటుంది, జత చూస్కోండి. సూపర్‌మార్కెట్ల దగ్గరి బంకులు చవక. మనిషి లేని ఆటోమేటిక్ మిషన్లు కార్డ్ మీద ముందు పెద్ద మొత్తం బ్లాక్ చేసి తర్వాత అసలు బిల్లు కట్ చేస్తాయి, మెసేజ్ చూసి గుండె పట్టుకోకండి.

చిన్న ఊళ్లో 'సాంత్ర్ వీల్' అన్న బోర్డు వెంట పోకండి, అది ఊరి నడిబొడ్డుకి, మూడడుగుల సందులకి తీస్కెళ్తుంది. పీ అన్న బోర్డు చూసి ఊరి బయటే పెట్టేసి నడవండి. ఫోన్ మ్యాప్స్ కూడా రెండు నిమిషాలు కలిసొస్తాయని ద్రాక్షతోటల మధ్య మట్టిరోడ్డులోకి తోస్తాయి. ఆ ఏరియా మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దించుకోండి, లోయల్లో సిగ్నల్ ఉండదు. ఊరి పేర్లు రాసేదొకటి పలికేదొకటి కాబట్టి వెళ్లాల్సిన చోట్లన్నీ ఇండియాలో ఉండగానే పిన్ పెట్టి సేవ్ చేస్కోండి.

స్టెప్ 6: ఊరి గడియారం

పొద్దున 7 నుంచి 12, మళ్లీ 3 నుంచి 7. ఇదే ఊరి జీవితం. 12 నుంచి రెండు, మూడింటిదాకా కొట్లు, పోస్టాఫీసు, కొన్నిచోట్ల చిన్న సూపర్‌మార్కెట్ కూడా మూత. హోటల్లో మధ్యాహ్నం భోజనం 12 నుంచి 2 మధ్యే, రెండుంపావుకి వెళ్తే కుర్చీలు ఖాళీగా ఉన్నా తిండి పెట్టరు, బతిమాలినా పెట్టరు. రాత్రి వంటగది ఏడు, ఏడున్నరకి తెరుస్తారు. ఆదివారం మధ్యాహ్నం, సోమవారం సగం ఊరు నిద్రపోతుంది. బేకరీకి కూడా వారంలో ఒక రోజు సెలవు, తలుపు మీద రాసుంటుంది.

కాబట్టి మన రోజు ఇలా ఉండాలి: పొద్దున్నే లేచి సంతో ఊరో చూడటం, 12 కల్లా భోజనానికి కూర్చోడం, 2 నుంచి 5 దాకా నిద్ర, ఈత, లేదా చెట్టు కింద పుస్తకం, సాయంత్రం ఐదున్నర తర్వాత మళ్లీ బయటికి. జూలై మొదట్లో సూర్యుడు రాత్రి 9 దాటాకగానీ అస్తమించడు, కాబట్టి సాయంత్రం మనం అనుకున్నదానికంటే చాలా పొడుగు. బస్సుల్లో వచ్చేవాళ్లు పదకొండు నుంచి నాలుగు మధ్య గోర్డ్ నిండా ఉంటారు, ఆరింటికి వాళ్లంతా వెళ్లిపోతారు.

స్టెప్ 7: రోజు ప్రకారం రూట్

గురువారం సాయంత్రానికి మొదటి మకాం చేరేలా చూస్కుంటే సంతలన్నీ వరసగా కుదురుతాయి, జీత్ అయితే శనివారం లెక్క పట్టుకోని ఓనర్‌ని వెతుక్కోవాలి.

శుక్రవారం లూర్మరాన్ సంత. ఈ ఊళ్లోనే ఫ్రెంచ్ రచయిత ఆల్బెర్ కామ్యూ సమాధి ఉంది, నోబెల్ డబ్బుతో ఇక్కడ ఇల్లు కొనుక్కున్నాడు, 1960 జనవరిలో ఇక్కణ్నుంచి పారిస్ వెళ్తూ కారు ప్రమాదంలో పోయాడు. శ్మశానంలో వెతుక్కోవాలి, అంత చిన్న రాయి. అక్కణ్నుంచి కొండ చీల్చుకుని వెళ్లే మెలికల రోడ్డు డి943 పట్టుకుని బోన్యూ. సాయంత్రం బోన్యూ కింద పోన్ జూలియన్ దగ్గర ఆగండి, క్రీ.పూ. 3వ సంవత్సరంలో రోమన్లు కట్టిన మూడు ఆర్చీల వంతెన, 2005 దాకా దాని మీద కార్లు వెళ్లేవి, ఇప్పుడు పక్కన కొత్తది కట్టి దీన్ని నడిచేవాళ్లకి, సైకిళ్లకి వదిలేశారు.

శనివారం అప్ట్ సంత, ఈ చుట్టుపక్కల్లో పెద్దది. ఎనిమిదిన్నరకల్లా కారు పెట్టేసి ఉండాలి. ఇక్కడొక జాగ్రత్త: శుక్రవారం రాత్రి ఊరి మధ్య ఖాళీగా ఉంది కదా అని ఎక్కడా పార్క్ చెయ్యకండి, సంత రోజు పొద్దున్నే ఆ చోటంతా ఖాళీ చేయిస్తారు, బోర్డు మీద ఏ రోజు ఎన్నింటినుంచి అని ఉంటుంది, ఉన్న బండిని క్రేన్‌తో ఎత్తుకుపోతారు. ఇది ప్రతి ఊరికీ వర్తిస్తుంది.

సంతలో పండ్లు మనమే ఏరుకోవడం మర్యాద కాదు, అమ్మే ఆవిడే ఇస్తుంది. కవయోన్ మెలన్లు (మన ఖర్బూజా లాంటివి) ఈ ప్రాంతం ప్రత్యేకం. ఆవిడ్ని అడిగితే ముందు 'ఈ పూటకా, రేపటికా' అని అడుగుతుంది, మనం చెప్పాక ఒక్కోటీ చేతిలో బరువు చూసి, తొడిమ దగ్గర చుట్టూ చిన్న పగులు వచ్చిందో లేదో బొటనవేలితో తడిమి, వాసన చూసి తీసిస్తుంది. ఈ పూటకి అని ఇచ్చినది రేపటిదాకా ఉంచితే నిజంగానే పాడైపోతుంది, అంత కచ్చితం. కోసి, గింజలు తీసేసి, చెంచాతో తినడమే.

ఆదివారం ఈల్ స్యుర్ లా సోర్గ్. ఊరి మధ్యలో కాలువలు, పాచి పట్టిన పెద్ద నీటి చక్రాలు, ఆదివారం మామూలు సంతతోపాటు పాత సామాన్ల సంత కూడా. జనం విపరీతం, తొమ్మిది దాటితే పార్కింగ్ దొరకదు, అందుకే ఆదివారం ఎక్కువ నిద్రపోయే జంటలు దీన్ని వదిలెయ్యండి, నష్టమేం లేదు.

సోమవారం కొట్లుండవు కాబట్టి రూసియోన్ ఓకర్ కొండలకి. ఎరుపు, పసుపు, నారింజ మట్టి, మధ్యలో పచ్చని పైన్ చెట్లు, టికెట్ తీస్కుని గంటలోపు నడిచే దారి. తెల్ల బూట్లు, తెల్ల లినెన్ చొక్కా వేస్కెళ్లారో అవి ఇక తెల్లవి కావు, ఆ రంగు పొడినే వందల ఏళ్లు గోడలకి వాడారు మరి.

మంగళవారం పొద్దున గోర్డ్, సంత రోజు. ఊళ్లోకి వెళ్లేముందు రోడ్డు మలుపులో ఎదురుగా కొండ మీద ఊరు మొత్తం కనపడే చోటుంది, అందరూ అక్కడే ఆగుతారు, మీరూ ఆగండి, కానీ రోడ్డు మధ్యలో కాదు. పక్కనే సేనాంక్ మఠం, 1148లో స్థాపించిన సిస్టర్షియన్ మఠం, ఇప్పటికీ సన్యాసులుంటారు, ముందున్న లావెండర్ వాళ్లదే. భుజాలు, మోకాళ్లు కప్పుకుని వెళ్లండి, లోపల గట్టిగా మాట్లాడకూడదు. రీల్స్ కోసం కంచె దాటి వరసల్లోకి దిగేవాళ్లని చూస్తే సిగ్గేస్తుంది, మనం అలా చెయ్యొద్దు.

బుధవారం మకాం మార్చే రోజు. జూలై మధ్యలోపు అయితే వలాన్సోల్ మీదుగా మూస్టియే. జూలై రెండో సగం అయితే బుధవారం సో ఊరి సంత రోజు, పూలూ అక్కడే ఉంటాయి, కాబట్టి పొద్దున అటు వెళ్లొచ్చి సాయంత్రం మకాం మార్చండి. వలాన్సోల్‌లో మనోస్క్ వైపు రోడ్డు మీదే బస్సులన్నీ ఆగుతాయి. ఊరు దాటి ప్విమ్వసోన్ వైపు పోతే అదే ఊదా రంగు, పదో వంతు జనం. ఎండ నెత్తిన ఉన్నప్పుడు ఫోటోల్లో రంగు వెలిసిపోయినట్టు వస్తుంది, సాయంత్రం ఏడు తర్వాత చూడండి. వరసల్లో తేనెటీగలు వేలల్లో ఉంటాయి, మనల్ని ఏమీ అనవు కానీ పల్చటి చీర కట్టుకుని ఫోటో దిగుదామనుకునే ఆడవాళ్లు ఆ సంగతి గుర్తుంచుకోండి.

గురువారం వెర్దోన్. లోయ దాదాపు 25 కిలోమీటర్లు, లోతు కొన్నిచోట్ల 700 మీటర్లు, కింద నీళ్లు నెమలికంఠం రంగు. లా పాల్యూ ఊరి నుంచి రూట్ దే క్రెత్ అనే 23 కిలోమీటర్ల చుట్టురోడ్డుంది, అందులో కొంత భాగం వన్‌వే, కాబట్టి బోర్డు చెప్పిన దిక్కునే ఎక్కాలి. ప్రతి మలుపులో ఆగే చోట్లుంటాయి, తల పైన కాదు, మన కాళ్ల కింద రాబందులు ఎగురుతుంటాయి, ఒకప్పుడు పూర్తిగా పోతే 1999 నుంచి మళ్లీ తెచ్చి వదిలారు. ఎత్తంటే భయం ఉన్నవాళ్లు నడిపేవైపు కూర్చోండి, లోయ రెండోవైపు ఉండే మలుపులే ఎక్కువ అని కాదు, స్టీరింగ్ చేతిలో ఉంటే భయం తక్కువ. ట్యాంక్ నింపుకుని ఎక్కండి.

మధ్యాహ్నం ఎండకి సాంత్ క్రూవా సరస్సు. డెబ్బైల్లో డ్యామ్ కట్టినప్పుడు లే సాల్ అనే ఊరు మొత్తం మునిగిపోయింది, అదే పేరుతో గట్టు మీద కొత్త ఊరు కట్టారు. శ్రీశైలం ప్రాజెక్టులో ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లు మన దగ్గరా ఉన్నారు కాబట్టి ఆ నీళ్లలో ఈదుతుంటే మనకి ఆ ఊసు రాక మానదు. కాళ్లతో తొక్కే పడవలు, కరెంటు పడవలు గంట లెక్కన అద్దెకిస్తారు, లోయ ముఖం లోపలికి కొంతదూరం వెళ్లొచ్చు. పొద్దున తొమ్మిదింటికల్లా వెళ్తే క్యూ ఉండదు, అందుకని లోయ ముందా పడవ ముందా అన్నది మీ నిద్రని బట్టి.

శుక్రవారం మూస్టియే సంత, పింగాణీ కొట్లు, రెండు కొండల మధ్య గొలుసుకి వేలాడే నక్షత్రం, పైన గుడికి రెండొందల అరవై చిల్లర మెట్లు. సాయంత్రం ఎక్కండి.

స్టెప్ 8: తిండి

ముందుగా, కొట్లో అడుగుపెట్టగానే 'బోంజూర్' అనాలి. అనకుండా 'వన్ కాఫీ' అంటే వాళ్లకి అది పొగరు, మనతో మొహం మాడ్చుకుని మాట్లాడతారు, మనమేమో ఫ్రెంచివాళ్లకి పొగరు అని ఇంటికొచ్చి చెప్తాం. వెళ్లేటప్పుడు 'మెర్సీ, ఓ రెవ్వార్'. ఈ మూడు ముక్కలు చాలు.

పల్లె హోటల్లో మధ్యాహ్నం 'ప్లా ద్యు జూర్' తీస్కోండి, ఆ రోజు వండిన వంటకం, రాత్రి మెనూ కంటే చవక. నీళ్లకి బాటిల్ అడక్కండి, 'కరాఫ్ దో' అంటే కూజాలో ఉచితంగా పెడతారు, అది వాళ్ల పద్ధతే. సర్వీస్ బిల్లులోనే కలిసుంటుంది, టిప్ బలవంతం లేదు.

వెజిటేరియన్లకి కష్టమే కానీ ఆకలితో చావరు. రటటూయ్ అంటే వంకాయ, టమాటా, గుమ్మడిలాంటి కూజెట్, క్యాప్సికం కలిపి నూనెలో మగ్గబెట్టిన కూర, అన్నంలో కలుపుకుంటే మన వంకాయ టమాటానే, కారం ఒక్కటే తక్కువ. సమ్మర్‌లో సూప్ ఓ పిస్టూ, చిక్కుళ్లూ కూరగాయలూ తులసి వెల్లుల్లి ముద్ద వేసి చేసేది. శనగపిండితో చేసే పానిస్ వేపుళ్లు. మేక పాల చీజ్, చెస్ట్‌నట్ ఆకుల్లో చుట్టిన బానోన్ చీజ్. జాగ్రత్త ఎక్కడంటే, నల్లగా ఆలివ్ ముద్ద, తపెనాద్, చూస్తే చట్నీలా ఉంటుంది, అసలు పద్ధతిలో దాంట్లో ఆంచోవీ చేపలుంటాయి. సలాడ్లలో 'లార్డోన్' అంటే పంది ముక్కలు. వెజిటేరియన్ అన్నంత మాత్రాన చేప కూడా తీసేస్తారని అనుకోవద్దు, 'సాన్ వియాంద్, సాన్ పుఆసోన్', మాంసం లేకుండా చేప లేకుండా అని రెండూ చెప్పండి.

జీత్‌లో వంటకి: ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా బాస్మతి, యావూర్ట్ నాచుర్ అనే తీపి లేని పెరుగు దొరుకుతాయి. కారానికి హరిస్సా ట్యూబ్ కొనండి, ఉత్తర ఆఫ్రికా మిరపకాయ ముద్ద, ప్రతి కొట్లో ఉంటుంది, ఆమ్లెట్‌లో వేస్కుంటే ప్రాణం లేచొస్తుంది. ఇంటి నుంచి కందిపొడి, ఆవకాయ గట్టిగా ప్యాక్ చేస్కోండి కానీ నెయ్యి, కోవా స్వీట్లు, మటన్ పచ్చళ్లు వద్దు. యూరప్‌లోకి బయట దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు లగేజీలో తేకూడదని రూల్. పచ్చి కరివేపాకు కూడా కుదరదు, కొబ్బరికాయ మాత్రం తీస్కెళ్లొచ్చట, మీ ఓపిక. మన సన్నటి రెండు పిన్నుల చార్జర్లు అక్కడ ప్లగ్గుల్లో పడతాయి, మూడు పిన్నుల చిన్న రైస్ కుక్కర్‌కి అడాప్టర్ కావాలి.

ఇక వైన్. ఈ ప్రాంతమంతా రోజే వైన్, అంటే లేత గులాబీ రంగుది, తోటల దగ్గర రుచి చూపిస్తారు. డ్రైవర్‌కి లిమిట్ లీటరు రక్తానికి 0.5 గ్రాములు, రెండు గ్లాసులకే దాటిపోవచ్చు. ఇద్దరికీ పర్మిట్ చేయించమన్నది ఇందుకే, ఒకరోజు ఒకరు తాగడం, మర్నాడు ఇంకొకరు. మొగుడే నడపాలి, పెళ్లామే కూర్చోవాలి అన్నది శాస్త్రంలో లేదు.

స్టెప్ 9: ఎండ, గాలి, మంటలు

35 డిగ్రీలు దాటే రోజులుంటాయి, మనకి రెంటచింతల ఎండ తెలుసు కదా అని ధీమా పడొద్దు, అక్కడ అన్నిచోట్లా ఏసీ ఉండదు. ఊళ్లలో ఫౌంటెన్ల దగ్గర 'ఓ పొటాబ్ల్' అనుంటే తాగొచ్చు, ముందు 'నోన్' ఉంటే తాగకూడదు. మిస్ట్రాల్ అనే ఉత్తరపు గాలి వీచే రోజు ఆకాశం అద్దంలా ఉంటుంది, కానీ కారు డోర్ తీసేటప్పుడు చేత్తో గట్టిగా పట్టుకోండి, గాలి ఒక్క గుంజు గుంజితే డోర్ మడతబందు వంగుతుంది, అది రెంటల్ వాళ్లకి పండగ.

సమ్మర్‌లో అడవుల్లోకి వెళ్లే ముందు జిల్లా ప్రిఫెక్చర్ (మన కలెక్టరేట్ లాంటిది) మ్యాప్ చూడాలి, రేపు ఏ అడవి తెరిచుంది ఏది మూసుందీ అని ముందురోజు సాయంత్రం పెడతారు. ఎరుపు ఉంటే ఓకర్ దారులు, కొండ నడకలు బంద్, వెళ్తే ఫైన్. సిగరెట్ కిటికీలోంచి విసరడం అక్కడ నేరం, ఎండు గడ్డి మీద వేడి కారు ఆపడం కూడా వద్దు. ఎమర్జెన్సీకి 112, ఇంగ్లిష్‌లో మాట్లాడొచ్చు.

కార్లో సీటు మీద బ్యాగ్, ఫోన్ కేబుల్, జాకెట్ ఏదీ కనపడేలా వదలకండి, వ్యూ పాయింట్ పార్కింగుల్లో అద్దం పగలగొట్టేవాళ్లుంటారు. పాస్‌పోర్టులు ఒంటి మీదే.

స్టెప్ 10: కారు తిరిగివ్వడం

ఫ్లైట్ ఆదివారమో సోమవారమో పెట్టుకుని శనివారం హైవే తప్పించండి. చిన్న ఊళ్ల రెంటల్ కౌంటర్లు కూడా మధ్యాహ్నం మూసేస్తాయి, ఆదివారం అసలు తెరవకపోవచ్చు, కాబట్టి ఎయిర్‌పోర్ట్ లేదా టీజీవీ స్టేషన్‌లోనే ఇచ్చేలా బుక్ చెయ్యండి. స్టేషన్ పక్క బంకు ఖరీదు, పది కిలోమీటర్ల ముందే సూపర్‌మార్కెట్ బంకులో నింపి రసీదు ఉంచుకోండి. మళ్లీ నాలుగు వైపులా వీడియో, ఫ్యూయల్ ముల్లు, కిలోమీటర్ల ఫోటో, వాళ్ల మనిషి చూసి సంతకం పెడితే మరీ మంచిది. తాళాలు డబ్బాలో పడేసి వెళ్లమంటే ఆ డబ్బా ఫోటో కూడా.

డిపాజిట్ బ్లాక్ వదలడానికి కొన్ని రోజులు పడుతుంది, స్పీడ్ ఫైన్ ఏదన్నా ఉంటే నెలల తర్వాత కూడా రావొచ్చు, అందుకని ఆ క్రెడిట్ కార్డ్‌ని ఇంటికి రాగానే క్లోజ్ చెయ్యకండి, ఆ మెయిల్ ఐడీ స్పామ్ ఫోల్డర్ అప్పుడప్పుడు చూస్తుండండి.